బేస్‌మెంటుకి జాకీలు

నెలలో మొదటి శనివారం వచ్చిందంటే కోదండరామ్ గారు కరెంటు రంపం పట్టుకుని తమ ఇంటి బేస్‌మెంటులోకి దిగుతారు. తలుపు ఊడదీసి, పైన ఓ వేలెడు చెక్క కోసేసి, మళ్లీ బిగించి వెళ్తారు. టొరంటోలోని ఎటోబికోలో ఆ వీధి వీధంతా గడ్డి కోసుకునేది కూడా శనివారమే కాబట్టి ఆ చప్పుడు ఎవరికీ పట్టదు. కప్పు కిందికి దిగుతుంటే తలుపు పొట్టి చేయక ఏం చేస్తారు మరి? చేయకపోతే అది బిగుసుకుపోయి, అద్దెకున్న నలుగురు ఆడపిల్లలూ లోపలే ఉండిపోతారు.

కప్పెందుకు దిగుతుందో అందరికీ తెలిసిందే. ఆ ఇంట్లో ఉండి సొంతవాళ్లకి అబద్ధం చెబితే దిగుతుంది. చిన్నదానికి చిన్నగా, పెద్దదానికి పెద్దగా. "తిన్నావా" అంటే "తిన్నా" అనే రకాన్ని పాపం అదీ పట్టించుకోదు. అవి కూడా పట్టించుకుంటే కెనడాలో ఒక్క బేస్‌మెంటూ మిగలదు.

పై అంతస్తులో ఉండే శాంత గారికి, అంటే కోదండరామ్ గారి భార్యకి, ఒకటే గొడవ. కింద కప్పు దిగితే పైన ఆవిడ నేల దిగుతుంది, హాల్లో కర్టెన్లు నేలకి అందవు. "కాస్త తగ్గించి చెప్పుకోండమ్మా, ఎన్నిసార్లని కర్టెన్లు మార్చను" అని మెట్ల మీంచే అనేసి డ్యూటీకి పోతుంది.

వేరే గది చూసుకోవచ్చు కదా అంటారేమో. ఆ ఏడు విమానం దిగిన ప్రతి పిల్లా, పిల్లాడూ గది కోసమే తిరుగుతున్నారు. కాలేజీ క్లాసులో కూర్చోడానికి కుర్చీ దొరికితే గొప్ప. ఉన్నది వదులుకుంటే రోడ్డే గతి.

ఆ నలుగురిలో ధరణి అనే పిల్లకి చేతులు ఊరుకోవు. జగిత్యాలలో వాళ్ల నాన్న కొమరయ్య మోటార్లకి వైండింగ్ చేస్తాడు. ఆ షాపులో రాగితీగ ముక్కలతో ఆడుకుంటూ పెరిగిన పిల్ల. ఇక్కడా అంతే, చెత్తబండి వచ్చే రోజు జనం బయట పడేసిన ప్రింటర్లూ మిక్సీలూ మోసుకొచ్చి విప్పుతుంది. "మనకే నిలబడ్డానికి చోటు లేదే తల్లీ, ఈ సంత కూడానా" అని భీమవరం పిల్ల రిషిత నెత్తి కొట్టుకుంటుంది.

అలాంటి చేతులున్న పిల్ల, ఎయిర్‌పోర్టు పక్కన గోడౌన్లో అట్టపెట్టెలు ఎత్తుతోంది. ఇంటికి మాత్రం ఓ కంపెనీలో మెషీన్లు డిజైన్ చేస్తున్నానని చెప్పింది. ఆ ఒక్క అబద్ధానికే అప్పట్లో ట్యూబ్‌లైటు చేతికి అందేంత కిందికి వచ్చింది. కొమరయ్యేమో షాపుకొచ్చిన ప్రతివాడికీ కూతురి సంగతే చెప్పుకున్నాడు. చెప్పుకుని చెప్పుకుని, కొడుకు సాయిచరణ్‌ని కూడా అక్కడికే పంపుదామని నిశ్చయించాడు. సీటొచ్చింది. ఆదివారం ధరణి ఊ అంటే సోమవారం ఫీజు కట్టేస్తారు. ఊ అంటే తమ్ముడొచ్చి ఇలాంటి గదిలోనే పడతాడు. వద్దంటే ఎందుకో చెప్పాలి. ధరణికి అన్నం సహించడం మానేసింది.

అయినా చేతులు ఆగవు కదా. కోదండరామ్ గారి గ్యారేజీలో, కారు వెనక్కి తీసేటప్పుడు కీకీమనే సెన్సరొకటి దొరికితే తెచ్చి, ముఖం పైకి పెట్టి నేలకి బిగించింది. కప్పు ఓ పిసరు దిగితే చాలు, కీ మంటుంది. అలా కూసినప్పుడల్లా ఫోన్లో ఉన్నవాళ్లు నాలిక్కరుచుకునేవాళ్లు.

ఆ ఆదివారానికి ముందు మంగళవారం జ్వరమొచ్చి ధరణి పనికి పోలేదు. మిగతా పిల్లలు ఇంట్లో లేరు. ఒక్కర్తే దుప్పటి కప్పుకుని పడుకుంది, ఫోనైనా ముట్టలేదు. సెన్సరు కీ మంది. కాసేపటికి మళ్లీ కీ మంది. ధరణి లేచి, వంగి, పొట్టి తలుపులోంచి బయటపడి, ఇంట్లో ఇంకెవరున్నారో చూద్దామని గ్యారేజీకి వెళ్లింది.

అక్కడ చిన్న లేతు మెషీనూ, డ్రిల్లింగ్ మెషీనూ, విప్పిపెట్టిన కంప్యూటర్లూ. మధ్యలో కోదండరామ్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫోన్లో ఉన్నారు.

"మీటింగులో ఉన్నా శాంతా. సాయంత్రం మాట్లాడతా."

ముందున్న లాప్‌టాపులో పేగులన్నీ బయటికి తీసి ఉన్నాయి.

"మీరు కూడానా అంకుల్?" అంది ధరణి.

ఆయన ఫోను బల్ల మీద బోర్లా పెట్టారు. "ఉద్యోగం చలికాలంలోనే పోయిందమ్మా. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటా. ఆవిడేమో నేనిక్కడ ఆఫీసు పని చేసుకుంటున్నానని, వెళ్లేముందు ఫ్లాస్కులో కాఫీ పోసి పెడుతుంది. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

"మేమే దింపుతున్నామనుకున్నాం."

"మీరూ దింపుతున్నారులే. ఆ కీకీమనేదాని వైరు పీకెయ్యి తల్లీ."

"పీకితే కప్పు ఆగుతుందా అంకుల్?"

"ఆగదు," అని ఆయన లేతు వైపు చూశారు. "జాకీలు పెడదాం."

మనిషికి నిజం చెప్పడం కన్నా జాకీ చేయడం సులువు. పనితనం ఉన్నవాళ్లకి మరీ సులువు. పాత కార్ల జాకీలు తెచ్చారు, ఇనప గొట్టాలు కోశారు, లేతు మీద బిళ్లలు తీశారు. జ్వరం సంగతే మర్చిపోయి ధరణి నూనె చేతులతో నవ్వుతూ తిరిగింది. కెనడా వచ్చాక ఆ పిల్ల అంత సంతోషంగా ఉన్నది ఆ నాలుగు రోజులే. శనివారానికి గది నాలుగు మూలలా జాకీలు లేచాయి. సెన్సరు నోరు మూసుకుంది.

ఇంకేం, కాఫీ షాపులో తనకి మేనేజరుగా ప్రమోషనొచ్చిందని రిషిత ఇంటికి చెప్పేసింది. జాకీ కాస్త మూలిగింది, అంతే. అందరూ కడుపారా అబద్ధాలాడుకున్నారు.

ఆదివారం పొద్దున్న వీడియో కాల్ వచ్చింది. తెర మీద కొమరయ్య, పక్కన సాయిచరణ్.

"ఏమంటవ్ బిడ్డా, రేపు ఫీజు కట్టమంటవా?"

ధరణి జాకీల వైపు చూసింది. అవి గట్టిగానే ఉన్నాయి. "కట్టు బాపూ. మా కంపెనీల తమ్మునికి కూడ చెప్పిపెట్టిన. రూము పెద్దగనే ఉంది."

మూలనున్న గొట్టం కిర్రుమని వంగింది.

"అదేం చప్పుడు?"

"పైన ఇంటోళ్లు సామాను జరుపుతున్నరు బాపూ."

రెండో గొట్టం వంగింది, వెంటనే మిగతా రెండూ. కప్పు ఆగకుండా దిగి ధరణి నడినెత్తికి తగిలింది. మెడ వంచింది, ఇంకా దిగితే నడుం వంచింది. వెనక రిషిత తలుపు గుంజుతోంది, అది రావడం లేదు. ఇంకొక్క మాట కల్పిస్తే అందరం బోర్లా పడుకోవాల్సిందేనని ధరణికి అర్థమైంది.

కొమరయ్య తెర దగ్గరికి జరిగాడు. "బిడ్డా, తలకాయ వంచుకొని మాట్లాడుతున్నవేంది? నువ్వెన్నడు గట్ల మాట్లాడలె."

ధరణికి కప్పు భయం పోయి ఏడుపొచ్చింది. వెక్కుతూనే చెప్పింది. "కంపెనీ లేదు బాపూ. గోడౌన్ల డబ్బాలు మోస్తున్న. ఈడ సీదా నిలబడరాదు. తమ్మున్ని పంపకు."

కప్పు ఆగింది. కొమరయ్య తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"సాయిగా, పైసలు కట్టుడు బంద్ వెట్టు," అన్నాడు కొడుకుతో. తర్వాత కూతురితో, "రావాలనిపిస్తే రా, ఉండాలనిపిస్తే ఉండు బిడ్డా. గాని నాకైతే అబద్ధం చెప్పకు," అన్నాడు.

బయటినుంచి రంపం మోగింది. కోదండరామ్ గారు తలుపు కోసి తీశారు. ఆయన వెనకే శాంత గారు వంగి లోపలికి తొంగిచూసి, వంకర తిరిగిన జాకీలన్నీ ఒక్కొక్కటే చూసింది.

"వారంలో ఇంత పని ఎప్పుడు చేశారండీ? మీటింగులేమయ్యాయి?"

ఆయన రంపం కింద పెట్టి, "పైకి పద, చెబుతా," అన్నారు.

కప్పు మళ్లీ లేవలేదు. నిజం చెబితే ఆగుతుందే గానీ లేవడం దానికి తెలియదు. వేరే గది దొరికేదాకా ధరణికి ఆ వంగుడు తప్పదు, రోజూ నడుం నొప్పే.

సాయిచరణ్ విమానం ఎక్కలేదు. షాపులో తండ్రి పక్కన కూర్చుని మోటార్లు విప్పుతున్నాడు. వాడు ఆరడుగుల పైన ఉంటాడు, ఇంట్లోంచి వచ్చినప్పుడల్లా నెత్తి దర్వాజకి కొట్టుకుంటాడు. "జర వంగి నడువురా" అని వాళ్లమ్మ మొత్తుకుంటుంది. కొమరయ్య ఎంత పనిలో ఉన్నా తలెత్తి, "వాన్ని వంగుమనకు" అంటాడు.