మూడో అంచె

“ఆ పిల్లతో నువ్వే మాట్లాడు. ఆడవాళ్ళ విషయం, మీరూ మీరూ చూసుకోండి,” అన్నాడు భర్త, కంచంలోంచి చెయ్యి తియ్యకుండానే.

ఆమె వడ్డిస్తోంది. పొద్దున అతనితో పాటే ట్రాక్ మీదికి వెళ్ళింది, అతనితో పాటే తిరిగొచ్చింది. వచ్చాక అతను ఫ్యాను కింద కూర్చున్నాడు, ఆమె పొయ్యి దగ్గర నిలబడింది. అతను జాతీయ జట్టు కోచ్. ఆమె అదే జట్టుకి పదేళ్ళకి పైగా రిలే పరిగెత్తిన మనిషి. పరాయి దేశాల స్టేడియాల్లో మైకులో ఆమె పేరు పిలిచేవాళ్ళు. ఇంటికొస్తే కోచ్ గారి భార్య. మోకాళ్ళకి ఐసు సంచులు కట్టుకుని వంట చేసిన రోజులున్నాయి. క్యాంపులో సరిగ్గా ఉతకడం లేదని జట్టు జెర్సీలు అతను మూటకట్టి తెస్తే, అవీ ఆమే ఉతికేది. “ఎలాగూ మన బట్టలు ఉతుకుతావుగా,” అనేవాడు.

ఈ యేడు రిలేలో మూడో అంచె ఆమెది కాదు. ట్రాక్ వంపు తిరిగే ఆ వంద మీటర్లకి, అందరూ పిచ్చుక అని పిలిచే ఇరవై రెండేళ్ళ పిల్లని పెట్టాడు. “వయసు మీద పడ్డాక వంపులో కాలు నిలవదు,” అని జట్టందరి ముందూ అన్నాడు. ఆమెని రిజర్వులో కూర్చోబెట్టి, బ్యాటన్ అందుకోవడం ఆ పిల్లకి నేర్పమన్నాడు. ఏమీ దాచుకోకుండా నేర్పింది. మనసు మండుతూనే ఉంది కానీ, ఆ పని తప్పుగా నేర్పడం ఆమెకి చేతకాదు.

ఇప్పుడు పోటీలు దగ్గరపడ్డాక పిచ్చుకకి నెల తప్పింది.

“ఏం మాట్లాడమంటారు?” అంది ఆమె.

“నీకు తెలియనిదేముంది? బిడ్డ ఎప్పుడైనా పుడుతుంది, పతకం ఎప్పుడంటే అప్పుడు రాదు. ఆ మాట నువ్వు చెబితే వింటుంది.”

ఒక్క అక్షరం మారలేదు. ఎనిమిదేళ్ళ క్రితం తన మంచం పక్కన కూర్చుని, వేళ్ళు నిమురుతూ అతను అన్న మాటలే. ఆ నిమరడం ప్రేమే అనుకుంది అప్పుడు. ఆస్పత్రి నుంచి వచ్చి వారం తిరక్కుండా ట్రాక్ మీద నిలబెట్టాడు. రక్తం కనపడకుండా నల్ల లాగు తొడుక్కుని పరిగెత్తింది. ఆ యేడు నిజంగానే పతకం వచ్చింది. కడుపు మాత్రం మళ్ళీ రాలేదు. లోపల దెబ్బతింది, ఇక రాదు అని డాక్టరమ్మ చెప్పిన సాయంత్రం అతను ఒక్కటే అడిగాడు: “అమ్మకి చెప్పకు. తట్టుకోలేదు.” చెప్పలేదు. అందుకే అత్తగారు వచ్చేపోయే వాళ్ళందరి ముందూ, “పరిగెత్తి పరిగెత్తి కడుపు ఎండగొట్టుకుంది. గొడ్డు చెట్టుకి నీళ్ళు పోస్తున్నాడు నా కొడుకు,” అన్నప్పుడల్లా వంటింట్లో కుళాయి పెద్దగా తిప్పుకునేది. పెద్దావిడని కాపాడుతున్నాను కదా అని లోలోపల కాస్త గర్వం కూడా పడేది.

మర్నాడు జట్టు గదిలో పిచ్చుక ఒక్కతే బెంచీ మీద కూర్చుని స్పైక్స్ బూట్లు విప్పుకుంటోంది. ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది.

“సార్ పంపారా అక్కా?”

“పంపారు. ఆయన చెప్పమన్నది చెప్పను. నాకు జరిగింది చెబుతాను.”

చెప్పింది. నల్ల లాగు సంగతి, డాక్టరమ్మ మాట, అన్నీ. “ఉంచుకుంటావో తీయించుకుంటావో నీ ఇష్టం. ఆ మాట మాత్రం నీ నోట్లోంచి రానీ,” అంది.

పిచ్చుక లేసుని వేలికి చుట్టుకుంది. తర్వాత తలెత్తకుండానే అడిగింది. “నేను తప్పుకుంటే మూడో అంచె మీదేగా?”

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. అదేం లేదనబోయి ఆగింది. ఆ మాట వినగానే పిక్కల్లో నరం లాగిన సంగతి ఆమెకి తెలుసు.

“నాదే. ఆ ఆశ లేదని అనను. నీకు చెప్పింది మాత్రం నిజం.”

పిచ్చుక ఆ సాయంత్రమే క్యాంపు వదిలి వెళ్ళిపోయింది. కడుపు సాకు పెట్టి అక్క నా చోటు లాక్కుందని పోతూ పోతూ మిగతా ముగ్గురికీ చెప్పింది. మర్నాడు ప్రాక్టీసులో రెండో అంచె పిల్ల బ్యాటన్ అందించలేదు, అరచేతి మీద కొట్టింది. వేళ్ళు కమిలాయి. ఎవరూ అయ్యో అనలేదు.

భర్త మాత్రం నవ్వుతూ ఇంటికొచ్చాడు. “భలే చక్రం తిప్పావే. నీకంత ఆశ ఉంటే నాతో చెప్పొచ్చుగా,” అన్నాడు.

అత్తగారు సోఫాలోంచి అందుకుంది. “తనకెలాగూ కాయా లేదు, పండూ లేదు. ఆ పిల్ల నోటి దగ్గర కూడు లాక్కుంది. గొడ్డు మనిషికి జాలెక్కడిది?”

ఆమె చేతిలో కంచాలు బల్ల మీద పెట్టింది. గొంతు పెంచలేదు. “నేను గొడ్రాలిని కాదత్తయ్యా. నాకూ కడుపొచ్చింది. పతకం కోసం మీ అబ్బాయి తీయించాడు. మీరు తట్టుకోలేరని ఇన్నాళ్ళూ దాచాను.”

భర్త మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. అత్తగారు కళ్ళజోడు సవరించుకుంది.

“తెలుసు. ఆస్పత్రికి తీసుకెళ్ళమన్నది నేనేగా,” అంది తాపీగా. “పతకం వస్తే వాడికి జాతీయ జట్టు కోచ్ ఉద్యోగం ఖాయమన్నారు. పిల్లలదేముంది, మళ్ళీ పుడతారనుకున్నాం. నీ ఒళ్ళు అంత నాసిరకమని మాకేం తెలుసు?”

ఆమె భర్త వైపు చూసింది. తల్లికి తెలుసన్న సంగతి అతనికీ తెలుసు. అన్నేళ్ళూ ఆవిడ గొడ్డు అంటుంటే, తెలిసి కూడా అన్నం కలుపుకుని తిన్నాడు.

అతను గొంతు సవరించుకున్నాడు. “ఇప్పుడవన్నీ ఎందుకు? ఎల్లుండి ప్రయాణం. పరిగెడతావా, లేదా?”

“పరిగెడతాను,” అంది ఆమె. “అది నా చోటు. పోటీలయ్యాక ఇక్కడికి మాత్రం రాను.”