కుడిచేతి కట్టు

భర్త కుడిచేతికి ఆమె కట్టు కడుతోంది. దెబ్బా లేదు, వాపూ లేదు. చెయ్యి నిక్షేపంగా ఉంది. "ఇంకాస్త బిగించు. నిజంగా బెణికినట్టుండాలి," అన్నాడు. పిల్లల పుస్తకాలు వేసే ఒక పెద్ద సంస్థ ఆయన్ని రమ్మంది. ఒకే పాప కథలు పన్నెండు పుస్తకాలుగా వేస్తున్నారు, అన్నిటికీ బొమ్మలు వేసేది ఒక్కరే. అయితే అక్కడో పద్ధతి ఉంది. పని ఇచ్చేముందు ఆ పాపను ఎదురుగా, పక్కనుంచి, వెనకనుంచి తమ కళ్లెదుటే గీయిస్తారు. మూడింటిలోనూ అదే పాప కనబడాలి.

ఇంకేముంది, కొంప మునిగినట్టే! తొమ్మిదేళ్లుగా గీసేది ఆమె, పేరు ఆయనది. కూర మాడకుండా ఒక కన్ను పొయ్యి మీద, ఒక కన్ను కాగితం మీద వేసి ఆమె గీస్తే, ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పట్టుకెళతాడు. ఆయన సంతకం పెట్టేదీ ఆమే. మొదట్లో ఒకసారి, "మూలన నా పేరు కూడా..." అని నసిగింది. "నీ పేరు చూసి పని ఎవడిస్తాడే? బయట నోరు జారావో, మళ్లీ ఈ గడప తొక్కనివ్వను," అన్నాడు. అత్తగారు లోపల్నుంచే, "కాపురం చేసుకునే లక్షణమేనా ఇది?" అంది. ఆ రోజు పట్టుకున్న భయం వదిలితే ఒట్టు.

ఆఫీసులో ఆమె బొమ్మల ఫైలు పట్టుకుని ఆయన వెనకే నిలబడింది. ఆయన కట్టు చూపించి, "ఇంటి దగ్గర గీసి పంపిస్తానండీ," అన్నాడు. సంపాదకురాలు పాత బొమ్మలు బల్ల మీద పరిచి, నీడల కోసం వేసిన సన్నగీతల మీద వేలు నడిపింది.

"కుడిచేత్తో గీసేవాళ్ల గీతలు ఇటు వాలతాయి. మీవన్నీ అటు వాలాయి. మీది ఎడమచేతి వాటం కదూ! కట్టు కుడిచేతికేగా, గీసెయ్యండి," అంటూ పెన్సిల్ జరిపింది.

ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. ఎడమచేత్తో పెన్సిల్ పట్టుకుని గీస్తే పాప తల సొట్టబోయిన గిన్నెలా వచ్చింది. "నీడలు మాత్రం మా ఆవిడ దిద్దుతుందండీ, ఊరికే కాలక్షేపానికి. చెప్పవే!" అన్నాడు.

నిజం బయటపడితే ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలో ఆమెకు తెలియదు. ఆయన చేతిలోని పెన్సిల్ తీసుకుని ఎడమచేత్తో గీసింది. ఎదురుగా, పక్కనుంచి, వెనకనుంచి. ఒకే పాప. పక్కనే బుసలుకొడుతున్న ఆయన ఊపిరి వినబడుతూనే ఉంది. మూలన సంతకం దగ్గర, అలవాటుగా ఆయన పేరులోని మొదటి అక్షరం పడిపోయింది.

"ఒకసారి రబ్బరు ఇస్తారా అండీ?" అంది. చెరిపి, తన పేరు రాసింది.