గట్టుకు అవతలి చెల్క

ఒళ్లో చాట పెట్టుకొని ఈరవ్వ బీడీ ఆకులు కత్తిరిస్తుంటే, అడవి శాఖోళ్లు తోటికోడలు భూదవ్వ మెట్టచెల్కలో హద్దురాళ్లు పాతుతున్నారని తెలిసింది. ముందు ఆమెకు కలిగింది సంతోషమే. ఎవరికీ చెప్పుకోలేదు గానీ కత్తెర హుషారుగా ఆడింది.

ఆ కడుపుమంటకు మూడేండ్లు. ఎల్లారెడ్డి తహసీలు నుంచి పట్టాలు రాయడానికి వచ్చిననాడు మరిది, భూదవ్వ మొగడు మైసన్న, "నా భార్య పేరు రాయుండ్రి సారు, రెక్కల కష్టం ఆమెదే" అన్నాడు. ఈరవ్వ మొగడు లింగం పకపకా నవ్వాడు. "ఆడిదాని పేరు మీద భూమేంది? రేపు మీసం గూడ పెంచుతదా?" అందరితో పాటు ఈరవ్వా నవ్వింది. లింగం తన చెల్కను తన పేరు మీదే రాయించుకున్నాడు. అంతకు ఏడేండ్ల ముందు, కరువొచ్చిన ఏడు, ఆ రెండు చెల్కల తుప్పలూ కొట్టింది తోటికోడళ్లిద్దరే. లింగం అప్పుడు కామారెడ్డి మండీలో హమాలీ. అప్పటినుంచి అంగడికి పోతే జనం "ఏం పట్టాదారమ్మా" అని భూదవ్వను పలకరించేవారు. పక్కన నడిచే ఈరవ్వ ఎవరికీ కనబడేది కాదు.

తహసీలు లెక్కలో ఆ నేల సాగుభూమి, అడవి శాఖ పటంలో అడవి. ఇన్నాళ్లూ ఎవరి కాగితం వాళ్ల బీరువాలో పడి ఉంది. ఎనభైలో ఢిల్లీలో చట్టమొచ్చింది, అడవి భూమిని కేంద్రం అనుమతి లేకుండా వేరే పనికి వాడొద్దని. రెండేండ్లకు అడవి పటంలోని హద్దుగీత వచ్చి అన్నదమ్ముల గట్టు మీద పడింది. భూదవ్వది అవతల, లింగంది ఇవతల. చట్టానికి ముందే సాగైందని సాక్ష్యముంటే చూస్తామన్నారు.

"సాక్ష్యానికి నువ్వు పోకు" అన్నాడు లింగం, బువ్వ కలుపుకుంటూ. "వాళ్లది పోతే మనదాని జోలికి రారు."

పొద్దున్నుంచి ఆమె మనసులో తిరుగుతున్నదీ అదే మాట. అతని నోట వినేసరికి రోత పుట్టింది.

మర్నాడు ఎల్లారెడ్డి బస్సెక్కింది. అడవి శాఖ ఆఫీసులో చెప్పింది: "కరువేడు కొట్టినం సారు. నా పెద్దబిడ్డ కడుపుల ఉండె. దానికిప్పుడు పదేండ్లు."

"మీ చెల్క గూడ అప్పుడేనా?" అన్నాడు అధికారి.

"రెండూ ఒక్కటే అడవి. ఇద్దరం కలిసే కొట్టినం."

"అట్లయితే మీది గూడ విచారణల పెట్టాల్సి వస్తది."

ఈరవ్వ కొంగు నడుముకు చెక్కుకుంది. "పెట్టుండ్రి" అంది.

బయట భూదవ్వ "అక్కా" అని చెయ్యి పట్టుకుంది. ఈరవ్వ మెల్లగా విడిపించుకుంది. నిజం చెప్పినంత మాత్రాన ప్రేమ పుట్టుకొస్తుందా?

మూణ్నెల్లు లింగం ఆమెతో మాట్లాడలేదు. తర్వాత కాగితమొచ్చింది. రెండూ చట్టానికి ముందటి సాగే, ఎవరినీ లేపొద్దు. పట్వారీ చదివాడు: "సాగు చేసినవారు, భూదవ్వ, ఈరవ్వ." అక్కడ కూడా భూదవ్వే ముందు. ఈరవ్వకు మళ్లీ కొంచెం మండింది.

"నా పేరేది?" అన్నాడు లింగం.

"చేసినోళ్లవే రాసిండ్రు" అంది ఈరవ్వ.