ఉత్త వాకిలి

ఆ గల్లీలో తెల్లారేసరికి ముగ్గు పడని ఇల్లుండదు. సిద్దిపేటలో ఎన్ని సిమెంటు రోడ్లు పడినా, పేడ దొరక్క రంగుపొడి కలిపిన నీళ్లు చల్లుకుంటున్నా సరే, ముగ్గు మాత్రం పడాల్సిందే. పడలేదంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని లెక్క. అమృతమ్మకూ ఆమె కోడలు అనసూర్యకూ గొడవ వచ్చింది దీని దగ్గరే.

అనసూర్యకు డిప్రెషన్. ఆ మాట దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది గానీ ఇంట్లో ఎవరూ పలకరు. ఇంట్లో దాని పేరు పానం బాగలేకపోవడం. భర్త కర్ణాకర్ బొంబాయి దగ్గర భివండిలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. అతనికి ఆ మాత్రం కూడా తెలీదు. ఫోన్ వచ్చినప్పుడల్లా అమృతమ్మ "అందరం మంచిగున్నం కొడుకా" అని పెట్టేసేది.

డాక్టరమ్మ గోలీలు రాసి, "ఇవి వాటి పని చేస్తయి. నువ్వు కూడ ఒక్క పని పట్టుకో. చిన్నదే, రోజూ చేసేది. కుదిరినంక ఇంకోటి కలుపుకుందాం" అంది. అనసూర్య ముగ్గు పట్టుకుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆమె ముగ్గు చూడ్డానికి పక్క గల్లీ ఆడవాళ్లు కూడా వచ్చేవారు. ముగ్గు వెయ్యాలంటే మంచం దిగాలి, మొహం కడుక్కోవాలి, గడప దాటాలి. ఇప్పుడు ఆ మూడూ ఆమెకు చేతకావడం లేదు. అందుకే ముగ్గు.

చిక్కంతా అమృతమ్మతో వచ్చింది. చెడ్డ అత్త కాదు పాపం, మంచిదైపోవడమే పీకల మీదికి తెచ్చింది. అనసూర్యకు మెలకువ వచ్చి, లేవాలా వద్దా అని తనతో తాను కొట్లాడుతుండగానే బయట చీపురు చప్పుడు మొదలయ్యేది. "పండుకో బిడ్డా, నేనేసిన తియ్" అని కిటికీలోంచి కేక. ఇంక లేచి ఏం చెయ్యాలి? గోడవైపు తిరిగి పడుకునేది. గోలీ కూడా ఏ మధ్యాహ్నానికో గుర్తొచ్చేది.

ఒకరోజు ఎట్లాగో లేచింది. ఇంకా మసకగానే ఉంది. జుట్టు ముడేసుకుని, మొహం కడుక్కుని చూస్తే గూట్లో ముగ్గుడబ్బా లేదు. తలుపు తీసింది. వాకిట్లో అప్పుడే వేసిన ముగ్గు. దాని పక్కన నడుం పట్టుకుని నిలబడ్డ అమృతమ్మ మొహం నిండా నవ్వు.

"నువ్వు లేస్తవేమో అని జెర ముందుగాలనే లేచిన. నీకెందుకు బిడ్డా తిప్పల?"

అనసూర్యకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. అసలు ఆమెకు ఏదన్నా అనిపించి ఎన్నాళ్లయిందో!

"అత్తమ్మా, రేపటి సంది నువ్వు ముగ్గెయ్యకు."

"అయ్యో, వాకిలి ఉత్తగుంటదే!"

"ఉండనియ్యి."

"ఎవలో సచ్చిన్రనుకుంటరు!"

"అనుకోనియ్యి. నువ్వు రోజు ముగ్గేసి, మా కోడలు మంచిగుందని గల్లీకంత చెప్తున్నవ్. నేను మంచిగ లేను. నేను లేస్తేనే ముగ్గు పడాలె. గదిగూడ నువ్వే చేస్తే నేనింక ఎన్నడు లేవ."

అమృతమ్మ ముగ్గుడబ్బాకు మూత పెట్టి లోపలికి నడిచింది.

మర్నాడు వాకిలి ఊడ్చి ఉంది, అంతే. అమృతమ్మ ముగ్గుడబ్బాను ఒళ్లో పెట్టుకుని, పైన కొంగు కప్పి, అరుగు మీద కూర్చుంది. తన చేతులు ఊరుకోవని ఆమెకు తెలుసు. లోపల అనసూర్య కళ్లు తెరుచుకునే పడుకుంది. లేవాలనే ఉంది. కాళ్లు వినడం లేదు.

ఎదురింటి విజయరాణి పాలప్యాకెట్‌తో వస్తూ ఆగింది. వాకిలి చూసి, అమృతమ్మ మొహం చూసి, గుండె మీద చెయ్యేసుకుంది.

"అయ్యో పెద్దమ్మా! ఎవలు..."

"ఎవ్వలు లేరు, పోవే!" అని కసిరింది అమృతమ్మ. ఆ కసురుడుతో విజయరాణికి అనుమానం కాస్తా ఖాయమైపోయింది. ఆమె తమ్ముడు కూడా భివండిలోనే, కర్ణాకర్ పక్క మగ్గం మీదే. ఇంక చెప్పేదేముంది? వాకిట్లో ముగ్గు లేదనీ, ఎవరో పోయారనీ నిమిషాల్లో అక్కడికి కబురు చేరింది, ఎవరన్నది మాత్రం చేరలేదు.

అనసూర్య తలగడ కింద ఫోన్ మోగింది. కర్ణాకర్ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"అమ్మ ఎప్పుడు పోయింది? నేను రైలెక్కుతున్న..."

"అమ్మకేం గాలే. అరుగు మీద కూసుంది."

"మరి ముగ్గెందుకు లేదు?"

ఏదో ఒక అబద్ధం చెప్తే అయిపోయేది. అనసూర్యకు అబద్ధం వెతికే ఓపిక లేదు.

"నేను లేవలే. శాన దినాల సంది లేస్తలేను. నాకు డిప్రెషనంట. గోలీలు ఇచ్చిన్రు. ముగ్గు నేనే ఏస్తనని అత్తమ్మకు చెప్పిన. గిప్పుడేమో లేవొస్తలేదు."

అటు వెనక మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. ఏమంటాడోనని అనసూర్యకు భయమేసింది.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు. తర్వాత ముక్కు చీదుకుని, "సరే. లేచినంక ఫోన్ చెయ్. ఎప్పుడు లేస్తే గప్పుడే" అన్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చాక అనసూర్య మంచం దిగింది. మొహం కడుక్కుంది, గోలీ వేసుకుంది, గడప దాటింది. "అత్తమ్మా, డబ్బ ఇయ్యి" అంది. వంగితే కళ్లు తిరిగాయి. గీతలు ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఒక మూల చుక్క తప్పింది. అమృతమ్మ చెయ్యి ఆ చుక్క దాకా పోయి, మళ్లీ కొంగులోకి వచ్చేసింది.

"మిట్టమధ్యాన్నం ముగ్గేంది?" అంది విజయరాణి తన గుమ్మంలోంచి.

"మా ఇంట్ల ఇప్పుడే తెల్లారింది. నీకేమన్న తిప్పలా?" అంది అమృతమ్మ. అనసూర్య తల వంచుకునే నవ్వింది.

మర్నాడు కూడా పొద్దెక్కేదాకా వాకిలి ఉత్తగానే ఉంది. విజయరాణి పాలప్యాకెట్‌తో వస్తూ ఆగింది.

"ఇంక తెల్లారలేదా పెద్దమ్మా?"

"లేదే" అంది అమృతమ్మ, ఒళ్లో డబ్బాతో. "కూసో, ఛాయ్ తాగుదాం. లేస్తది."