నా తల మీద పరాయి పేరు

నేను ఒక పనస మానులో మిగిలిపోయిన చెక్కని. మానులో మంచి భాగమంతా వీణలకు పోయింది. ఎందుకూ చాలని ముక్కలు కొట్టంలో ఒక మూల నిలబెట్టి ఉండేవి. వాటిలోంచి పూర్ణాచారి గారు నన్ను గిటారుగా చేశారు.

ఆయనది నూజివీడు దగ్గర ఒక పల్లె. తాతల నాటి నుంచి వీణలు చేసే ఇల్లు. వీణ అడిగేవాళ్ళు తగ్గిపోయాక ఆయన కిటికీలూ, తలుపులూ చేసుకుంటూ కాలం గడిపారు. ఒకసారి ఎవరో మెడ విరిగిన గిటారు ఒకటి అతికించమని తెచ్చి ఇచ్చారు. అది లోకమంతా పేరున్న విదేశీ కంపెనీది. ఆ పేరు నేను చెప్పను. వాళ్ళు నాకేమీ చెడు చేయలేదు, నా వల్లే వాళ్ళ పేరు పాడైంది. దాన్ని అతికించి ఇచ్చేలోపు ఆచారి గారు అటూ ఇటూ తిప్పి చూశారు, కొలుచుకున్నారు, వేలితో తట్టి చెవి పెట్టి విన్నారు. అది వెళ్ళిపోయాక కూడా చాలా రోజులు ఆయన చేతులు గాలిలో ఆ వంపులే గీస్తుండేవి.

వీణకి అడుగున ఉండే కుండని మాను తొలిచి చేస్తారు. గిటారుకి చెక్క వంచాలి. పలచని పనస చెక్కని వేడినీళ్ళలో నానబెట్టి, కాలుతున్న ఇనుప గొట్టం మీద మెల్లగా వంచుతుంటే మొదట్లో అన్నీ ఫట్‌మని విరిగేవి. ఆయన భార్య వరాలమ్మ గారు ఆ ముక్కలు పొయ్యిలో పెడుతూ, "ఇయ్యాళ గిటారు మీద పప్పు ఉడికింది, రేపు దేని మీద ఉడుకుద్దో" అని నవ్వేవారు. ఆయనా నవ్వేవారు. చివరికి చెక్క మాట విన్నది. నాకన్నా ముందు రెండు గిటార్లు పుట్టాయి. వాటి తల మీద ఆయన కాల్చిన కడ్డీతో 'పూర్ణ' అని చక్కగా రాసుకున్నారు.

ఆ రెండింటినీ బెజవాడలో కోటిలింగం గారి వాయిద్యాల కొట్లో వేలాడదీశారు. వచ్చినవాళ్ళు మోగించి చూసి, బాగుందని చెప్పి, తల మీద పేరు చదివి మళ్ళీ కొక్కేనికి తగిలించి పోయేవారు. వాటి మీద దుమ్ము పేరుకుంది. నేను మూడో దాన్ని. తీగలు బిగించి, ఇంకా మెరుగు పూయకుండానే ఆయన నన్ను చూపించడానికి కొట్టుకు తీసుకెళ్ళారు. కోటిలింగం గారు నన్ను మోగించి, కళ్ళు మూసుకుని విని, బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీశారు. దాని మీద ఆ పెద్ద కంపెనీ పేరు బంగారు రంగులో వరసగా ఉంది.

"ఆచారిగారూ, మీ పేరు చూస్తే దణ్ణం పెట్టుకోబుద్ధేస్తది గానీ స్టేజీ ఎక్కబుద్ధి కాదండీ. మెరుగు పూసే ముందు ఇది అంటించండి. పైన మెరుగు పడితే గోరు పెట్టి గీకినా రాదు."

"అది మనది కాదు గదండీ."

"వంపు ఎవరిది? చూసి నేర్చుకుంది వాళ్ళ దగ్గరే గదా. అప్పుడు లేని పట్టింపు ఇప్పుడెందుకు?"

ఆచారి గారు ఆ కాగితం అందుకున్నారు. ఆ ప్రశ్నకి సమాధానం నాకు తోచింది, కానీ నన్నెవరూ అడగలేదు. ఒకరి చేతిపని చూసి ఇంకొకరు నేర్చుకోవడం ఎప్పుడూ ఉన్నదే. ఆయన తండ్రి చేతులు చూసే ఆయన వీణ నేర్చుకున్నారు. నేర్చుకున్నాక 'ఇది నేను చేశాను' అని చెప్పుకోవాలి. 'ఇది వాళ్ళు చేశారు' అని చెబితేనే దొంగతనం. ఆ తేడా ఆయనకీ తెలుసు. అందుకేనేమో, కళ్ళజోడు లేకుండా ఉలి కూడా పట్టని మనిషి, ఆ కాగితం అంటించేటప్పుడు మాత్రం కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. అయినా వంకర పోకుండా అంటించారు. చేతికి అలవాటు కదా.

నాలో అబద్ధం ఎంత అంటే అరచేతిలో సగం కూడా లేని కాగితమంత. మిగతా నేనంతా నిజం. కానీ మనుషులు ముందు అక్కడే చూస్తారు.

కొట్లో నేను ఎక్కువ రోజులు లేను. ఒక పల్లె నుంచి దయాసాగర్ అనే అబ్బాయి, సలోమమ్మ అనే పెద్దావిడ వచ్చారు. ఆమె భర్త దేవసహాయం గారు చనిపోయారు. ఆయన జ్ఞాపకంగా తమ చర్చికి ఒక మంచి గిటారు ఇవ్వాలని ఆమె కోరిక. దయాసాగర్ ఆ చర్చిలో పాటలు పాడిస్తాడు. అతను నా తల మీద పేరు చదివి ఊపిరి బిగబట్టాడు. నన్ను ఒళ్ళో పెట్టుకుని మోగించాక ఆ పేరు మరిచిపోయాడు. అది నాకు బాగా గుర్తు. అతను నా గొంతుకే నన్ను ఇష్టపడ్డాడు. కానీ కొన్నది పేరు చూసి.

ఆ చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఎవరేం ఇచ్చినా దాని మీద ఇచ్చినవాళ్ళ పేరు రాయిస్తారు. ఫ్యాను రెక్కల మీద పేర్లు, బల్లల వెనక పేర్లు, గోడ గడియారం కింద పేరు. మైకు స్టాండు సన్నగా ఉండటంతో దాత పేరు నిలువుగా రాశారు, చదవాలంటే తల వంచాలి. నన్ను బలిపీఠం ముందు పెట్టి పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి దేవునికి ప్రతిష్ఠించారు. పెయింటరు కుంచె తడుపుకుని వచ్చాడు. 'ప్రభువునందు నిద్రించిన దేవసహాయం గారి జ్ఞాపకార్థం' అని రాయాలి. దయాసాగర్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వద్దు పెద్దమ్మా! ఇంత కంపెనీ వస్తువు మీద రంగు పూస్తారా ఎక్కడన్నా? సౌండు పోద్ది."

"మీ పెదనాన్న పేరు ఉండాలి గదా నాయనా."

"నేను మీటినప్పుడల్లా ఆయన పేరే గదా పెద్దమ్మా."

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని సరేనంది. పెయింటరు మాత్రం, తడిపిన కుంచె ఊరికే పోకూడదని, నేను కూర్చునే కుర్చీ మీద పాత దాత పేరుకే మళ్ళీ రంగు దిద్ది వెళ్ళాడు. అలా నా ఒంటి మీద చేసినాయన పేరూ లేదు, ఇచ్చినామె చెప్పిన పేరూ లేదు. ఏ సంబంధమూ లేనివాళ్ళ పేరు ఒక్కటే ఉంది.

ఆ తర్వాత రోజులు మంచివి. దయాసాగర్ పగలు మామిడికాయల బుట్టలు మోసి, సాయంత్రం చేతులు రెండుసార్లు కడుక్కుని గానీ నన్ను ముట్టుకునేవాడు కాదు. పిల్లలు నా చుట్టూ చేరితే, "దూరం, దూరం! ఇది ఫారిన్‌ది" అనేవాడు. నాకు సిగ్గుగా ఉండేది. వాళ్ళ ఊరి వెనక తోటల్లో ఉన్నటువంటి చెట్టే నేను.

ఒకసారి నా వీపు దగ్గర అతుకు కొంచెం విడింది. అతను నన్ను ఏలూరులో ఒక రిపేరు షాపులో ఇచ్చి, వారం తర్వాత తెచ్చుకున్నాడు. అది జరిగిన కొన్నాళ్ళకి చర్చిలో పాటలు, ప్రసంగాలతో ఉజ్జీవ సభలు పెట్టారు. పట్నం నుంచి వచ్చిన పాటల బృందంలో ఒకతని దగ్గర ఆ కంపెనీ గిటారే ఉంది, అసలుది. అతను నన్ను చేతిలోకి తీసుకుని, నా తలని తన గిటారు తల పక్కన పెట్టి చూసి నవ్వాడు.

"బ్రదర్, ఇది డూప్లికేటు. మా దాంట్లో పేరు ముత్యపు చిప్పతో పొదిగి ఉంది, చూడు. నీది స్టిక్కరు. కానీ సౌండు మాత్రం భలే ఉంది. ఎవరు చేశారో!"

అతను మంచిగానే అన్నాడు. మైకు ఆపలేదన్న సంగతి చూసుకోలేదు. చివరి మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. మొదటి మాట ఊరంతా విన్నది.

సంఘపెద్ద ఆశీర్వాదం గారు మరునాడే అందరినీ కూర్చోబెట్టారు. "కొన్నది ఒరిజినలు. ప్రతిష్ఠ చేసింది ఒరిజినలు. మధ్యలో ఏలూరు పోయొచ్చింది. అది దేవుని సొత్తు అబ్బాయ్, ఏం జరిగిందో చెప్పు."

"అదే గిటారండీ ఇది. నా చేతికి తెలవదా?"

"నీ చేతికి తెలుసు. మాకెట్టా తెలుస్తది?"

దేవసహాయం గారి పేరు నా మీద రాసి ఉంటే అందరికీ తెలిసేది. సెల్‌ఫోన్లో పాత ఫోటోలు తీసి చూశారు. అందులో నా తల మీద పేరు తళతళా మెరుస్తోంది. "అదిగో, అప్పుడెట్టా మెరిసేదో చూడండి" అన్నారు ఎవరో. అదే కాగితం, అదే నేను. ఫోటో తీసిన రోజు ఎండ బాగా ఉంది, అంతే.

అందరూ వెళ్ళాక సలోమమ్మ అతని పక్కన కూర్చుని, వీపు మీద చెయ్యి వేసి మెల్లగా అడిగింది. "నాకు చెప్పు నాయనా. ఏదన్నా అవసరం పడిందా? నేనేమీ అనుకోను." అంత మంది నిలదీసినప్పుడు తల ఎత్తి నిలబడ్డ దయాసాగర్ ఆ మాటకి వంగిపోయాడు.

మరునాడు నన్ను భుజాన వేసుకుని బెజవాడ కొట్టుకు వెళ్ళాడు. కోటిలింగం గారు నన్ను తాకను కూడా లేదు.

"మా కొట్లో డూప్లికేట్లుండవు బాబూ. ఏలూరులో ఎవరికిచ్చావో వాళ్ళనడుగు."

ఆ సమయానికి కొట్లో స్టూలు మీద పూర్ణాచారి గారు టీ తాగుతున్నారు. పక్కన గోతంలో చుట్టిన కొత్త గిటార్లు. ఆయన నన్ను చూడగానే గుర్తుపట్టారు. టీ గ్లాసు కింద పెట్టారు. దయాసాగర్‌కి ఆయనెవరో తెలియదు. కర్ర పొడి అంటిన చొక్కా చూసి నన్ను ఆయన ముందు పెట్టాడు.

"పెద్దాయనా, మీకు కర్రపని తెలిసినట్టుంది. మీరన్నా చెప్పండి. దీన్ని మార్చినట్టు ఉందా? నా పరువు పోయిందండీ ఊళ్ళో."

ఆచారి గారు నా మెడ వెనక చెయ్యి వేశారు. తాను చిత్రిక పట్టిన చోటే వేళ్ళు ఆగాయి. కోటిలింగం గారు ఆయన వంక ఒక్క చూపు చూశారు.

"కర్ర మంచిదే బాబూ" అని ఆచారి గారు మళ్ళీ టీ గ్లాసు అందుకున్నారు.

ఊరికి తిరిగొచ్చి దయాసాగర్ నన్ను చర్చిలో కుర్చీ మీద పెట్టి, తన చోటు మార్చుకున్నాడు. చెప్పులు విడిచే గుమ్మం దగ్గర, ఆఖరి వరసలో కూర్చునేవాడు. నన్ను వేరే ఎవరో మీటేవారు.

కొన్ని ఆదివారాలు గడిచాయి. ఒకరోజు, ఒక్కొక్కరూ లేచి దేవుడు చేసిన మేలు సాక్ష్యంగా చెప్పే వేళకి, కొట్లో మా ఊరు కనుక్కుని వచ్చిన పూర్ణాచారి గారు గుమ్మంలో నిలబడ్డారు. నుదుటి మీద బొట్టు, చేతిలో పనిముట్ల సంచి. "నేను మీ మతం వాణ్ణి కాదు. ఒక మాట చెప్పొచ్చా అండీ?" అని అడిగారు. అయ్యగారు రమ్మన్నారు.

"ఆ గిటారు నేను చేశానండీ, మా కొట్టంలో. పేరు అంటించింది కూడా ఈ చేతులే. ఆ అబ్బాయి దేన్నీ మార్చలేదు. ఇతను కొట్లో నన్ను అడిగిన తర్వాత చేసినదానికి కాగితం అంటిద్దామంటే చెయ్యి రావట్లేదు. అందుకొచ్చాను."

ఆశీర్వాదం గారు లేచారు. "మరి ఆ రోజు కొట్లో ఎందుకు చెప్పలేదయ్యా?"

"నోరు రాలేదండీ."

అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి దయాసాగర్‌ని చూశారు. ఆశీర్వాదం గారు అంత దూరం నడిచి వెళ్ళి, "తప్పయిపోయింది సాగరూ" అన్నారు. "పర్లేదండి" అన్నాడు అతను. నేల చూస్తూ అన్నాడు.

ఆచారి గారు గరుకు కాగితంతో నా తల మీద మెరుగునీ, దాని కింద పేరునీ రుద్దేశారు. ఈసారి కళ్ళజోడు పెట్టుకున్నారు. సలోమమ్మ దగ్గరికొచ్చి, "మీ పేరు రాయండి ఆచారిగారూ, చేసింది మీరే గదా" అంది.

"దీని మీద వద్దమ్మా. ముందు చేసిన రెంటి మీద ఉంది నా పేరు. అవి అమ్ముడుపోలా. కానీ వాటివల్ల ఎవరికీ ఏమీ కాలా."

ఇప్పుడు నా తల మీద పచ్చటి చెక్క కనిపిస్తుంది. చర్చికి కొత్తగా వచ్చిన పిల్లలు ఏ కంపెనీ అని అడుగుతారు. పెద్దవాళ్ళు వినిపించుకోనట్టు పాటల పుస్తకం తిరగేస్తారు.

మొన్న ఒక వాన ఆదివారం నన్ను మీటే అతను రాలేదు. అయ్యగారు వెనక వరస వైపు చూసి, "సాగర్, ఈ ఒక్కసారి రా నాయనా" అని పిలిచారు. చర్చి అంతా జరిగి అతనికి దారి ఇచ్చింది. అతను వచ్చాడు. చేతులు చొక్కాకి తుడుచుకుని నన్ను ఎత్తుకున్నాడు. తడి గాలికి నా తీగలన్నీ శ్రుతి దిగిపోయి ఉన్నాయి. ఒక్కొక్కటే మీటి, చెవి పెట్టి విని, మరలు తిప్పి, సరిచేశాడు. సలోమమ్మ చిరునవ్వుతో చూస్తోంది, అందరూ చూస్తున్నారు. అతను ఒకసారి ఆ ముఖాలన్నీ చూశాడు. తర్వాత నన్ను జాగ్రత్తగా కుర్చీ మీద పెట్టి, గుమ్మం దగ్గరికి వెళ్ళి కూర్చుని, అక్కడి నుంచే పాట అందుకున్నాడు.

అందరూ చప్పట్లతో కలిసి పాడారు. పాట అయిపోయేదాకా నేను శ్రుతిలోనే ఉన్నాను. నన్నెవరూ ముట్టుకోలేదు.