టైలరమ్మ తోలిన లారీ

సరిగ్గా ఆఖరి మలుపులో లారీ ఆగిపోయింది.

వెనక లోడు నిండా అద్దాలు. ఎడమ పక్క లోయ. ఆ ఒక్క మలుపు తిరిగితే రేవు పట్నం. టైలరమ్మ బొటనవేలితో కంట్రోలర్ మీట నొక్కింది. అంతే, తెర నల్లబడింది. టీవీ కింద అరలో ఉన్న గేమ్ డబ్బా కీచుకీచుమని అరిచి, ఎర్ర లైటు వెలిగించి, ఊరుకుంది.

మళ్లీ నొక్కింది. లైటు వెలిగింది, ఆరింది. ఇంకోసారి నొక్కితే అదీ లేదు.

టైలరమ్మకి భయం పట్టుకుంది. లోడు పోయినందుకు కాదు. ఈ ఇంట్లో ఆ డబ్బాకి ఆగర్భ శత్రువెవరని అడిగితే పక్కింటి వాళ్లు కూడా తడుముకోకుండా ఆమె పేరే చెబుతారు. కూతురు డ్యూటీ నుంచి వచ్చి ఆట మొదలుపెడితే చాలు, వంటింట్లోంచి టైలరమ్మ అందుకునేది. "పెళ్లయినదానివి, ఆస్పత్రి ల్యాబులో పదిమందికి రిపోర్టులిచ్చేదానివి, బొమ్మల లారీ తోలుకుంటూ కూర్చోడానికి సిగ్గులేదూ" అని. అలాంటి మనిషి, కూతురూ అల్లుడూ గడప దాటగానే తలుపు గడియ పెట్టి, అదే ఆటలో లారీని మధ్యాహ్నమంతా కొండల మీద తోలుతోందని బయటపడితే ఇంకేమన్నా ఉందా? కూతురు నవ్వుతుంది. వచ్చిన చుట్టానికల్లా చెప్పి మరీ నవ్విస్తుంది. ఇక జన్మలో టైలరమ్మకి ఎవరినీ ఏ విషయంలోనూ మందలించే వీలుండదు. మందలించకుండా బతకడం ఆమెకి చేతకాదు.

అసలు తప్పు ఆమెది కూడా కాదు. దుమ్ము తుడుస్తుంటే ఏదో మీట నొక్కుకుపోయింది, ఆటలో కొత్తగా ఒక ఎర్ర లారీ పుట్టి కదిలింది. కదిలిన బండిని నడిరోడ్డు మీద వదిలెయ్యలేక కాస్త ముందుకు తోలింది. అప్పటినుంచీ తోలుతూనే ఉంది. కళ్లు మందగించి సూదిలో దారం ఎక్కించడం కష్టమయ్యాక, గోడంత తెర మీద దారి స్పష్టంగా కనిపిస్తుంటే ఆమెకి ప్రాణం లేచొచ్చినట్టుండేది. జాకెట్ల మెడ వంపులు కత్తిరించిన చేతికి కొండ మలుపు ఓ లెక్కా?

సాయంత్రంలోగా డబ్బా బతకాలి. బాగుచేసే షాపుకి తీసుకెళ్తే వీధి వీధంతా చూస్తుంది. కాబట్టి ఇంట్లోనే, తన చేతుల్తోనే.

ప్లగ్గు పీకి, డబ్బాను కుట్టుమిషను బల్ల మీద పెట్టింది. కింద పాత దుప్పటి పరిచింది. ఫోన్‌లో వెతికితే ఒక వీడియో దొరికింది. అందులో మనిషికి మొహం లేదు, నల్ల గ్లవ్స్ తొడుక్కున్న రెండు చేతులు మాత్రం ఉన్నాయి. "ముందుగా వెనక ఉన్న స్టార్ స్క్రూలు విప్పండి" అన్నాయి చేతులు. మిషను పెట్టెలో ఉన్న స్క్రూడ్రైవర్లన్నీ గుచ్చి చూసింది. ఒక్కటీ పట్టలేదు.

టైలరమ్మ చెప్పులేసుకుని కిందికి దిగింది. మేడ మెట్ల పక్కనే కళ్లజోళ్ల షాపు.

"చిన్న స్టార్ మూతి స్క్రూడ్రైవర్ ఉంటే ఇవ్వు నాయనా."

"దేనికండీ?" కళ్లజోళ్లాయన తల ఎత్తలేదు.

"మిషనుకి."

"కుట్టుమిషనుకి స్టార్ స్క్రూలెక్కడివి?"

"కొత్త మోడలు."

ఇప్పుడు తల ఎత్తాడు. "మా పాప మొదటి గౌను దాని మీదే కుట్టారు కదండీ. మా పాపకి మొన్న ఉద్యోగమొచ్చింది."

"సంతోషం. పాపకి అంత వయసొచ్చినా నువ్వింకా మాటలు తగ్గించలేదు. ఇస్తావా, పక్క షాపుకెళ్లనా?"

ఇచ్చాడు. ఆమె మెట్లెక్కుతుంటే వీపు మీద అతని చూపు గుచ్చుకుంటూనే ఉంది.

స్క్రూలు చకచకా వచ్చేశాయి. టైలరమ్మకి ఉన్న జబ్బల్లా ఒకటే, ఆమె చేతులు చెవుల కన్నా ముందుంటాయి. మూతని మిషను పలక లేపినట్టు ఒక్క ఊపున లేపింది. టక్కుమని ఏదో ఊడింది. వీడియోలో చేతులు అప్పుడు తీరిగ్గా అన్నాయి. "మూతకి ఒక సన్నటి పట్టీ వైరు ఉంటుంది. జాగ్రత్తగా లేపండి."

"ముందే ఏడవొచ్చుగా" అంది టైలరమ్మ ఫోనుతో.

వైరు సంగతి తర్వాత చూద్దామని లోపలికి తొంగిచూసింది. లోపల ఫ్యాను ఉండాల్సిన చోట ఒక దిండు ఉంది. నిజంగా దిండే. మెత్తగా, మందంగా, రెక్కల మధ్య కూరుకుపోయిన నూలు పీచు. దువ్వెనతో లాగితే పొరలు పొరలుగా వచ్చింది. నీలం పీచు, కిందటి నెల కుట్టిన కర్టెన్లది. పసుపుపచ్చది పక్కింటి పాప ఫ్రాకుది. ఎర్రది మరీ పాతది, సోఫా గలేబులది. తను కుట్టిన గుడ్డలన్నీ తెలుసు ఆమెకి. హంతకుడి వేలిముద్రల్లాగా అన్నీ తనవే.

ఆ మాటకొస్తే అసలు నేరం ఇంకోటుంది. డబ్బాకి కొలిచి మరీ ఒక తొడుగు కుట్టింది టైలరమ్మ. లోపల దూది, పక్కన జిప్పు. ఇంట్లో మిక్సీకీ, ఇస్త్రీ పెట్టెకీ, ఆఖరికి అల్లుడి హెల్మెట్‌కీ కుట్టినట్టే దీనికీ కుట్టింది. రోజూ ఆట అవ్వగానే, వేడి తెలియకూడదని, ఇంకా కాగుతున్న డబ్బాకి ఆ తొడుగు వేసి జిప్పు లాగేసేది. జ్వరంతో ఉన్న మనిషికి రగ్గు కప్పినట్టు. దొంగతనం దాచడానికి చేసిన పనే ప్రాణం మీదికి తెచ్చింది.

పీచంతా లాగేసింది. మిషను బ్రష్షుతో రెక్కలు దులిపింది. వేలితో తిప్పితే ఫ్యాను తిరిగింది గానీ కాస్త బిగుతుగా అనిపించింది. బిగుతు అనగానే ఆ చేతులు జీవితమంతా చేసిన పని చేసేశాయి. సీసా మూతి వంచి, ఫ్యాను ఇరుసులో చక్కగా మిషన్ ఆయిల్ పోశాయి.

"ఎట్టి పరిస్థితుల్లోనూ ఫ్యానుకి నూనె వెయ్యకండి" అన్నాయి నల్ల గ్లవ్స్.

టైలరమ్మ పాత గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే తలుపు మీద చప్పుడైంది.

"అత్తయ్యా, నేనే."

అల్లుడు. కొరియర్ ఆఫీసులో సూపర్‌వైజరు. ఈ వేళప్పుడు ఎప్పుడూ రాడు. కింద పరిచిన దుప్పటినే డబ్బా మీదికి లాగి కప్పి, వెళ్లి తలుపు తీసింది. అతను లోపలికొచ్చి, దుప్పటి వంక చూసి, దాని కిందనుంచి వేలాడుతున్న పట్టీ వైరు వంక చూసి, తలుపు గడియ పెట్టాడు.

"కళ్లజోళ్లాయన ఫోన్ చేశాడు. మీ అత్తగారు స్టార్ స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లింది, ఇంట్లో అంతా క్షేమమేనా అని."

"వాడి నోరు పడ..." అని ఆపుకుంది టైలరమ్మ. "దుమ్ము దులుపుతున్నాను బాబూ. పొరపాటున ఊడింది."

"స్క్రూలన్నీనా?"

ఆమె దుప్పటి ఇంకాస్త కిందికి లాగింది. అతను ఇంకేమీ అడగలేదు. చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. ఆ క్షణంలో కంగారులో ఉండబట్టి గానీ, లేకపోతే అల్లుడు ఇంత తేలిగ్గా ఊరుకున్నాడేమిటా అని టైలరమ్మకి అనుమానం రావలసిందే.

వైరు ఎక్కించడం దగ్గర కథ అడ్డం తిరిగింది. పట్టీ దూరాల్సిన గాడి గోరంత. టైలరమ్మ చెయ్యి వణకదు గానీ గాడి ఆమెకి కనపడదు. అల్లుడికి కనపడుతుంది గానీ అతని వేళ్లు అరటిపళ్లలా ఉంటాయి.

"ఎడమకండి. ఇంకొంచెం. అది మీ ఎడమ, నాకు కుడి."

"ఎవరి ఎడమో ఒకటి తేల్చండి బాబూ."

"మీదే. ఆఁ, అక్కడే. తొయ్యండి."

దూరింది. మూత పెట్టారు, స్క్రూలు బిగించారు. ప్లగ్గు పెట్టి మీట నొక్కింది టైలరమ్మ. ఎర్ర లైటు రాలేదు. తెల్లది వచ్చింది. ఫ్యాను సన్నగా ఈల వేసింది. టీవీలో కొండలు, వాటి కింద లారీల పట్టిక. అన్నీ భద్రంగా ఉన్నాయి. టైలరమ్మ కళ్లజోడు తీసి పైటతో తుడుచుకుంది.

"తొడుగు మాత్రం వద్దత్తయ్యా. మళ్లీ ఊపిరాడదు."

"తొడుగు ఏమైందని అమ్మాయి అడిగితే?"

"నేను విప్పి దులిపానని చెప్తాను. మీరు నోరు మెదపకండి."

కూతురు వచ్చింది. చెప్పులు విప్పకముందే ముక్కు ఎగబీల్చింది. ల్యాబులో పనిచేసేదానికి కళ్ల కన్నా ముక్కు చురుకు.

"ఏంటీ వాసన?"

"ఏం వాసన?" అన్నాడు అల్లుడు.

ఆమె నేరుగా డబ్బా దగ్గరికెళ్లి వంగింది. వెచ్చటి గాలితో పాటు మిషన్ ఆయిల్ వాసన మొహాన కొట్టింది. "తొడుగేది? ఇది విప్పిందెవరు?"

"నేనే. ఫ్యానులో దుమ్ము పట్టిందని..."

"దుమ్ము పడితే నూనె పోస్తావా? ఇదేమన్నా సైకిల్ చైనా? నాకు చెప్పకుండా ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఇందులో నా ఆటంతా పోయుంటే? నీకు నీ వస్తువంటే విలువ, నా వస్తువంటే ఆటబొమ్మ."

అల్లుడు తల వంచుకుని నిలబడ్డాడు. టైలరమ్మ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని వింటోంది. నోరు మెదపకుండా ఉంటే గండం గట్టెక్కినట్టే. రేపటినుంచి మళ్లీ హాయిగా మందలించుకోవచ్చు. కూతురు ఇంకో మాట అంది. "చేతకానప్పుడు చెయ్యి పెట్టకూడదు."

చేతకాదన్న మాట దగ్గర టైలరమ్మ గరిటె కింద పెట్టింది.

"ఆయన్నెందుకే అంటావు? విప్పింది నేను. నూనె పోసింది నేను. పాడుచేసిందీ నేనే, బాగుచేసిందీ నేనే."

"నువ్వా? నువ్వెందుకు విప్పావు?"

"ఆగిపోయింది కాబట్టి."

"ఆగిపోయిందని నీకెలా తెలిసింది?"

టైలరమ్మ ఇక దాచదలుచుకోలేదు. "ఆఖరి మలుపులో ఉన్నాను. లోడు నిండా అద్దాలు."

కూతురు నవ్వుతుందని టైలరమ్మ కాచుకుని ఉంది. కూతురు నవ్వలేదు. టీవీ తెర మీద లారీల పట్టిక చూసింది. పైన తన ఆకుపచ్చ లారీ. దాని కింద, తను ఎన్నడూ దాటని మంచు కనుమ దాటి రేవు ముందు మలుపు దాకా వెళ్లిన ఎర్ర లారీ. మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"ఆ ఎర్ర లారీ నీదన్నావుగా."

అల్లుడు పైన తిరిగే ఫ్యాను వంక చూశాడు. గోడ వంక చూశాడు.

"మంచు కనుమ ఎలా దాటావని అడిగితే, అదంతా చేతి పనితనం, చెప్తే రాదన్నావు. నెలరోజులుగా నీకు టీ పెట్టి మరీ అడుగుతున్నాను."

"నువ్వే అనుకున్నావు. నేను కాదనలేదు, అంతే."

టైలరమ్మకి ఇప్పుడు వెలిగింది. మధ్యాహ్నం ఆఫీసు వదిలేసి అంత పరుగెత్తుకొచ్చింది ఎవరి పరువు కాపాడ్డానికో. "అయితే మీకు మొదటినుంచీ తెలుసన్నమాట. బాగుంది బాబూ. నేను చెమటోడ్చి తోలితే టీలు మీరు తాగారు."

"మీరే దాచుకుంటున్నారు కదత్తయ్యా. పోనీ నా పేరు మీదుంటే ఏం పోయిందని."

అప్పుడు నవ్వింది కూతురు. సోఫాలో కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ నవ్వు టైలరమ్మ అనుకున్నంత కష్టంగా ఏమీ లేదు. నవ్వయ్యాక కూతురు కంట్రోలర్ తీసి తల్లి చేతిలో పెట్టి, పక్కన జరిగి చోటిచ్చింది.

"కనుమ ఎలా దాటాలో చూపించు."

"వంట?"

"ఆయన చూసుకుంటారు. నెలరోజుల టీ బాకీ ఉంది."

అల్లుడు వంటింట్లోకి నడిచాడు. టైలరమ్మ కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, కనుమ ముందు ఆగి ఉన్న కూతురి ఆకుపచ్చ లారీ కదిలించింది. తెర మీద మంచు కురవడం మొదలైంది.

"ఇక్కడ అందరూ బ్రేకు తొక్కుతారు, అదే తప్పు" అంది. "చూడు, ముందు వీపు నిటారుగా పెట్టు. అలా కూలబడి కూర్చుంటే లారీ కాదు కదా, నిన్ను నువ్వే తోలుకోలేవు."