బల్ల దగ్గర చోటు

సువార్తమ్మ చేసిన తప్పల్లా ఒక్కటే. కూతురి కాపురం గురించి స్త్రీల కూడికలో ప్రార్థన మనవి చెప్పింది.

తెలుగు సంఘాల్లో పుట్టి పెరిగినవాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మనవి అంటే నలుగురి ముందూ కష్టం చెప్పుకోవడం, ఆ నలుగురూ కళ్లు మూసుకుని కన్నీళ్లతో దాన్ని దేవుడికి విన్నవించడం. కళ్లు తెరిచాక ఆ కష్టం ఎవరెవరి వంటిళ్లలోకి వెళ్లి కూర్చుంటుందో దేవుడే చెప్పాలి. సువార్తమ్మకి ఇది గుంటూరులో ఉన్నప్పుడే తెలుసు. డాలస్ వచ్చి పాతికేళ్లు నర్సు ఉద్యోగం చేశాక ఇంకా బాగా తెలుసు. అయినా కూతురు మనీషా మెడ మీద వేళ్ల గుర్తులు చూసిన వారం ఆవిడ నోరు ఆగలేదు. కొంగు నెత్తిమీద కప్పుకుని, "మా అల్లుడు ప్రేమ్‌సాగర్ పిల్ల మీద చెయ్యి చేసుకుంటున్నాడక్కా. మా ఇంటికి వచ్చేసింది. వాళ్లకోసం ప్రార్థన చెయ్యండి" అని ఏడ్చింది.

ఆదివారానికల్లా ఆ మాట దైవాశీర్వాదం అయ్యగారి చెవిన పడింది. ఆయన వారమంతా ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ మేనేజర్, ఆదివారం మధ్యాహ్నం మాత్రం డాలస్ పక్కనున్న కాపెల్ ఊళ్లో ఒక పెద్ద అమెరికన్ చర్చి వెనక హాలు అద్దెకి తీసుకుని నడిపే తెలుగు సంఘానికి కాపరి. ప్రేమ్‌సాగర్ అక్కడ గిటార్ వాయిస్తాడు. అయ్యగారు పిలిస్తే వచ్చి, సంఘం ముందు మోకాళ్ల మీద కూర్చుని, "నా కోపం గురించి ప్రార్థించండి" అన్నాడు. అంతే, అందరూ కరిగిపోయారు. మరుసటి వారం గిటార్ మెడలో వేసుకుని మళ్లీ ముందు నిలబడ్డాడు.

తర్వాత మనీషాని పిలిచారు. భర్త దగ్గరికి తిరిగి వెళ్తావా అని అడిగారు. వెళ్లనంది. విడాకులకి లాయర్‌ని పెట్టుకున్నానంది. దాంతో ఆ పిల్లని బల్ల నుంచి ఆపేశారు.

బల్ల నుంచి ఆపడమంటే తిట్టడం కాదు, గెంటడం కాదు. అంతకంటే మర్యాదగా జరుగుతుంది. బల్ల అంటే ప్రభురాత్రి భోజనం. ఆ సంస్కారం ఇచ్చే ఆదివారం రొట్టె ముక్కల పళ్లెం వరసలవెంట వస్తుంది. అందుకున్నవాళ్లు ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని పక్కవాళ్లకి అందిస్తారు. ఆపినవాళ్ల దగ్గరికొచ్చేసరికి పళ్లెం పట్టుకున్న పెద్దమనిషి దాన్ని కొంచెం పైకెత్తి, వాళ్ల మీదుగా అవతలివాళ్లకి ఇస్తాడు. ఎవరూ ఒక్క మాట అనరు. వరసలో అందరూ చూస్తారు. మనీషా కొన్నాళ్లు తలవంచుకుని భరించింది. తర్వాత రావడం మానేసింది.

భర్త పోయాక సువార్తమ్మకి ఉన్నది ఆ ఒక్క కూతురు, ఈ ఒక్క సంఘం. రెండూ ఒకే వరసలో పక్కపక్కన కూర్చోవాలన్నదే ఆవిడ ఆశ. అంతకుమించి దేవుణ్ణి ఏమీ అడగలేదు పాపం.

ఆ అక్టోబరుకి ఎన్నికలు దగ్గరపడ్డాయి. వాళ్ల జిల్లా నుంచి కాంగ్రెస్‌కి, అంటే ఈ దేశపు పార్లమెంటుకి, గ్రేడీ మార్లో అనే ఆయన నిలబడ్డాడు. ముందున్న పెద్ద చర్చి ఆయనదే, అంటే ఆయన వెళ్లే చర్చి. గర్భస్రావాలు ఆపుతాడు, స్కూళ్లలో ప్రార్థన తెస్తాడు, ఇశ్రాయేలుకి అండగా ఉంటాడు. ఇద్దరు భార్యల్ని వదిలి మూడోసారి పెళ్లి చేసుకున్నాడు కూడా, కానీ ఆ సంగతి ప్రచారం కాగితాల మీద వెయ్యరు కదా. ఇంతలో ఆయన ఆఫీసులో పనిచేసిన ఒక అమ్మాయి, ఆయన తనతో ఫోన్‌లో మాట్లాడిన మాటలు రికార్డు చేసి బయటపెట్టింది. టీవీల్లో బూతులు మూసేసి వేసినా వినలేకపోయారు జనం. "ఉద్యోగం ఉండాలంటే నోరు మూసుకుని ఉండు" అన్న ముక్క మాత్రం శుభ్రంగా వినిపించింది.

సువార్తమ్మ అది ఆస్పత్రి బ్రేక్‌రూమ్‌లో విన్నది. తింటున్న పెరుగన్నం డబ్బాకి మూత పెట్టేసింది. పైకి అనలేదుగానీ, లోపల ఎక్కడో చిన్న సంతోషం కూడా కలిగింది. ఈ ఆదివారం అయ్యగారు ఏమంటారో చూద్దాం అనుకుంది.

అయ్యగారు మైకు పట్టుకుని ఇలా అన్నారు: "మన బ్రదర్ గ్రేడీ మార్లో గారి మీద సాతాను దాడి చేస్తున్నాడు. ఆయన కోసం, ఆయన ఫ్యామిలీ కోసం స్పెషల్ ప్రేయర్ రిక్వెస్ట్. అందరం లేచి నిలబడదాం."

లేచారు. మనీషా విషయంలో మనవి నేరమైంది. ఈయన విషయంలో నేరం మనవైంది. వెనక వరసల్లో వీసాల మీద వచ్చిన కుర్రాళ్లు, ఓటు లేనివాళ్లు, వాళ్లూ చేతులెత్తి ఆమెన్ అన్నారు. ఆ వీసాలే ఎత్తేస్తానని మార్లో సభల్లో గొంతు చించుకుంటున్నాడన్న సంగతి వాళ్లకి తెలియక కాదు. ప్రేమ్‌సాగర్ గిటార్ మీద మెల్లగా ఏదో విషాదంగా వాయించాడు.

కూడిక అయ్యాక బిర్యానీ పళ్లేల దగ్గర సువార్తమ్మ అయ్యగారిని పట్టుకుంది.

"అయ్యగారూ, ఆ టేప్ మీరు విన్నారా?"

"విన్నానమ్మా. మనిషన్నాక పడతాడు. దావీదు రాజంతటివాడు పడలేదా? మనం పాస్టర్‌ని ఎలెక్ట్ చెయ్యట్లేదు కదా సిస్టర్. అన్‌బోర్న్ బేబీస్ కోసం నిలబడేవాడు కావాలి. పడినవాళ్లనే దేవుడు వాడుకుంటాడు."

"మా మనీషా పడలేదండీ. తోస్తే పడింది."

ఆయన చుట్టూ చూశారు. గొంతు తగ్గించారు. "నాకు తెలీదా చెప్పండి. ఎలెక్షన్ అవ్వనివ్వండి. మన సీనియర్స్ అంతా మీ మాట వింటారు. వాళ్లని ఎర్లీ ఓటింగ్‌కి తీసుకెళ్లే రెస్పాన్సిబిలిటీ మీది. ఆ తర్వాత పెద్దలం కూర్చుని అమ్మాయి సంగతి చూస్తాం. నేనున్నాను కదా!"

దాన్ని బేరమని ఎవరూ అనలేదు. దైవజనులు బేరాలాడరు. ఎవరికి ఏం కావాలో తెలుసుకుని మాట్లాడతారు, అంతే.

ఎన్నికల తేదీకి ముందే ఓటు వేయించడానికి సువార్తమ్మ తన వ్యాన్‌లో పెద్దవాళ్లని ఎక్కించుకుంది. పిల్లల దగ్గరికొచ్చి ఉండిపోయి, ఈ దేశపు పౌరులైన తాతలు, అమ్మమ్మలు. ఇంగ్లీషు రానివాళ్లకి తోడు వెళ్లేవాళ్లు, ఎవరికి వెయ్యాలో చెప్పబోమని పోలింగ్ కేంద్రం లోపల ప్రమాణం చెయ్యాలి. ఆవిడ చెయ్యెత్తి ప్రమాణం చేసింది. చెప్పాల్సింది వ్యాన్‌లోనే చెప్పేసింది కాబట్టి అబద్ధం కాదని సరిపెట్టుకుంది.

వ్యాన్‌లో సంతోషమ్మ అనే ముసలావిడ ఊరుకోలేదు. "ఏమే సువార్తా, ఆ మార్లోకి ముగ్గురు పెళ్లాలంటగా? ఆఫీసులో పిల్లని ఏదో చేశాడంటగా? మా మనవరాలు చెప్పింది."

"మనిషన్నాక పడతాడు పిన్నీ" అంది సువార్తమ్మ, అద్దంలో వెనక కారుని చూసుకుంటూ. "పడినవాళ్లనే దేవుడు వాడుకుంటాడు."

ఆ మాట తన నోటి నుంచి అయ్యగారి గొంతుతో వచ్చినట్టు ఆవిడకే వినపడింది. అయినా బండి ఆపలేదు. తన ఓటూ ఆయనకే వేసింది.

మార్లో గెలిచాడు. థ్యాంక్స్‌గివింగ్ పండక్కి ముందు ఆదివారం తెలుగు సంఘంలో కృతజ్ఞత కూడిక పెట్టారు. కాంగ్రెస్‌మన్ స్వయంగా వస్తున్నారని, ఆయనతో కలిసి సంస్కారం తీసుకుంటామని అయ్యగారు వాట్సాప్‌లో ఊదరగొట్టారు. సువార్తమ్మ ఫోన్ చేసి అడిగింది. "మనీషాని తీసుకురావచ్చాండీ?"

"తీసుకురండి, తీసుకురండి! అందర్నీ తీసుకురండి సిస్టర్. దేవుడు మంచివాడు" అన్నారాయన హడావిడిగా.

ఆవిడ ఆ మాటని కళ్లకద్దుకుంది. సాయంత్రం మనీషా దగ్గర కూర్చుని అడిగింది.

మనీషా ఇక్కడే పుట్టిన పిల్ల. కోపమొస్తే ఇంగ్లీషులో అరుస్తుంది, బాధేస్తే తెలుగులోకి వస్తుంది. ఇప్పుడు తెలుగులోనే మాట్లాడింది.

"ఇంకొక్కసారి వస్తా మమ్మీ. నీ కోసం. కానీ ఈసారి కూడా ప్లేట్ నా మీద నుంచి వెళ్తే, దట్స్ ఇట్. మళ్లీ నన్ను చర్చ్‌కి రమ్మని అడగొద్దు. ఎప్పుడూ."

"ఈసారి వెళ్లదమ్మా."

"వాళ్లు ప్రామిస్ చేశారా?"

"చేశారు" అంది సువార్తమ్మ.

ఆదివారం హాలు కిక్కిరిసింది. మనీషా లేత నీలం చీర కట్టుకుంది. పెళ్లయిన కొత్తలో కట్టిన చీర కాదు, తన జీతంతో కొనుక్కున్నది. నడవా పక్క కుర్చీలో తను, లోపల తల్లి, తల్లికవతల సంతోషమ్మ. ముందు వరసలో మార్లో, ఆయన మూడో భార్య. అయ్యగారు ఆయన్ని దేవుడు మన తరానికిచ్చిన కానుక అన్నారు. ఆయన లేచి 'నమస్తే' అని చేతులు జోడిస్తే, జీవితంలో 'వందనాలు' తప్ప ఆ మాట ఎన్నడూ అనని పెద్దలు కూడా మురిసి చప్పట్లు కొట్టారు.

సంస్కారం మొదలైంది. అయ్యగారు పళ్లెం రెండు చేతులా పట్టుకుని, ముందుగా మార్లో దగ్గరికి వెళ్లి నడుము వంచారు. నువ్వు తప్పు ఒప్పుకున్నావా, ఆ అమ్మాయిని క్షమాపణ అడిగావా, పాత భార్యల దగ్గరికి తిరిగి వెళ్తావా అని ఎవరూ అడగలేదు. ఆయన ఒక ముక్క తీసుకుని, సినిమా చూస్తూ తినేవాడిలా నమిలి, ఫోన్ చూసుకున్నాడు.

పళ్లెం వరసలవెంట వచ్చింది. తమ వరస దగ్గరికి అయ్యగారే వచ్చారు. ఆయన మొహంలో అదే చిరునవ్వు. మనీషా రెండు చేతులూ చాచింది, చిన్నప్పుడు తల్లి నేర్పినట్టే, కుడిచెయ్యి పైన పెట్టి.

పళ్లెం కొంచెం పైకి లేచింది. మనీషా చేతుల మీదుగా, చీర అంచు మీదుగా వచ్చి సువార్తమ్మ ముందు ఆగింది.

ఆవిడ అందుకుంది. ఆ ఒక్క క్షణం పళ్లెం ఆవిడ చేతుల్లోనే ఉంది. ఇటు తిప్పితే కూతురు, అటు తిప్పితే సంతోషమ్మ. అడ్డుపడడానికి అయ్యగారు కూడా లేరు, అప్పటికే వెనక వరసకి వెళ్లిపోయారు. కావాలనుకుంటే పిడికెడు ముక్కలు తీసి కూతురి దోసిట్లో పోయొచ్చు. కావాలనుకుంటే పళ్లెం ఎవరికీ ఇవ్వకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చోవచ్చు. ఇవన్నీ ఆవిడకి తర్వాత తోచాయి. అప్పుడు మాత్రం చెయ్యి తన పని తను చేసుకుపోయింది. ఒక ముక్క తీసింది, నోట్లో వేసింది, పళ్లెం సంతోషమ్మకి ఇచ్చింది. రొట్టె గొంతు దిగాక గానీ ఏం చేసిందో ఆవిడకి తెలియలేదు.

మనీషా చాచిన చేతులు వెనక్కి తీసుకుంది. పక్కనున్న బ్యాగ్ అందుకుని, చప్పుడు కాకుండా లేచి వెళ్లిపోయింది.

సువార్తమ్మ పార్కింగ్ లాట్‌కి పరిగెత్తేసరికి కారు స్టార్ట్ అయ్యే ఉంది. కిటికీ అద్దం దింపి ఉంది.

"వాళ్లు మాట తప్పారమ్మా" అంది సువార్తమ్మ రొప్పుతూ. "ఆయన నాతో అన్నాడు, నేను వ్యాన్ వేసుకుని అంతమందిని..."

"వాళ్ల సంగతి నాకు తెలుసు మమ్మీ." మనీషా గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నువ్వు తిన్నావు."

"అలవాటు తల్లీ. ముప్ఫై ఏళ్ల అలవాటు. చెయ్యి దానంతటదే..."

"ఐ నో." మనీషా అద్దం పైకెత్తింది. కారు మెయిన్ రోడ్డు ఎక్కి సిగ్నల్ దగ్గర ఆగి, వెళ్లిపోయింది.

హాలు తలుపు దగ్గర నుంచి ఎవరో పిలుస్తున్నారు. "సువార్తమ్మక్కా! సీనియర్స్‌ని స్టేజి మీదికి తీసుకురండి. కాంగ్రెస్‌మన్‌తో ఫొటో!"

ఆవిడ వెళ్లింది. ముసలివాళ్లకి స్టేజి మెట్లు ఎక్కాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి కదా. ఒక్కొక్కరినీ ఎక్కించి పక్కకి తప్పుకోబోతుంటే అయ్యగారు ఆపి, మన ఓట్లన్నీ వేయించింది ఈ సిస్టరే అని మార్లోకి చెప్పారు. మార్లో ఆవిడ భుజం మీద బరువుగా చెయ్యి వేసి, గాడ్ బ్లెస్ యూ అన్నాడు.

"థ్యాంక్యూ సర్" అంది సువార్తమ్మ. ఆ మాట కూడా దానంతటదే వచ్చింది.